తట్ట ఆమెకు, తాపీ ఆయనకు

నాగార్జునసాగర్ చూడబోయినవాళ్లు గేట్లు లెక్కపెడతారు. 26 గేట్లు. అవి ఎత్తిన రోజైతే నీటి తుంపర్లలో నిలబడి ఫొటోలు దిగుతారు. ఆ గేట్లను మోస్తున్న రాతిగోడ వంక తేరిపార చూసేవాళ్లు తక్కువ. రాతికట్టుతో లేచిన ఆనకట్టల్లో ప్రపంచంలోకెల్లా పెద్దదని బడిలో చదువుకున్న గోడ అది. 1955 డిసెంబర్ 10న నల్లగొండ జిల్లా నందికొండ దగ్గర నెహ్రూ పునాదిరాయి వేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. నడుమ గడిచిన పన్నెండేళ్లలో ఆ రాయిని కొట్టిందీ మోసిందీ పేర్చిందీ మనుషులే. ఆనాటి ఫొటోల్లో కట్టెల పరంజా మీద వరుసకట్టి ఎక్కుతున్న జనం కనిపిస్తారు. ఆ జనంలో నెత్తిన బరువుతో ఆడవాళ్లున్నారు.

ప్రాజెక్టు కోసం పట్టుబట్టిన ముక్త్యాల రాజా పేరు మనకు తెలుసు. ఇంజనీరు కె.ఎల్.రావు పేరు తెలుసు. ఎడమ కాలువకు లాల్‌బహదూర్ పేరు, కుడి కాలువకు జవహర్ పేరు పెట్టుకున్నాం. రాయి మోసిన ఆడమనిషి పేరు ఒక్కటి చెప్పమంటే మహబూబ్‌నగర్ (పాలమూరు), నల్లగొండ జిల్లాల్లో చెప్పగలిగినవాళ్లు దొరకరు. ఆమె పేరు హాజరుపట్టీలోనైనా సరిగా ఎక్కిందో లేదో అనుమానమే. అరవై ఏళ్లు గడిచాయి. ఈ రోజు మన వీధిలో కడుతున్న మూడంతస్తుల ఇంటి దగ్గరికి వెళ్లి, ఇటుకలు మోస్తున్నామె పేరేమిటని ఇంటాయనను అడిగి చూడండి. మేస్త్రీ పేరు చెబుతాడు.

ఈ మధ్య నిర్మాణరంగం పెద్దలు సభలు పెట్టి ఒక మాట గట్టిగా చెబుతున్నారు. మహిళలు ఈ రంగంలోకి ఎక్కువగా రావాలి, వచ్చినవాళ్లు నిలవాలి అని. మంచి మాటే. కాకపోతే ఆ మాట కోస్గిలోనో మద్దూరులోనో దేవరకొండ తండాల్లోనో వినిపిస్తే ఆడవాళ్లు నవ్వుతారు. మేం ఎన్నడు పోయినమని మళ్ల రావాలె అంటారు. వాళ్లు ముందునుంచీ ఉన్నారు. చెరువు కట్టల మట్టి మోసిన వడ్డెర ఆడవాళ్లున్నారు, రోడ్లకు కంకర కొట్టిన లంబాడీ ఆడవాళ్లున్నారు, హైదరాబాద్ అపార్టుమెంట్లకు ఇటుక మోసిన పాలమూరు ఆడవాళ్లున్నారు. మనిషి వచ్చి ఎన్నో తరాలైంది. ఆమెకు రావలసిన కూలి రాలేదు, తాపీ రాలేదు, మేస్త్రీ అనే పిలుపు రాలేదు. నలభై దాటాక కూడా ఆ పనిలో బతకగలనన్న ధీమా రాలేదు.

పాలమూరు లేబర్ అంటే ఒకప్పుడు దేశంలో కాంట్రాక్టర్లందరికీ తెలిసిన పేరు. కృష్ణా తుంగభద్రలు జిల్లా అంచున పారుతున్నా నడిమి చెల్కలకు వానే దిక్కు. ఆముదాలు, జొన్నలు, కందులు ఆ వాన దయ మీద పండాలి. పండని ఏడు గుంపు మేస్త్రీ ఇంటికి వస్తాడు. పరాయివాడేం కాదు, ఊరివాడే, వరుస కలిపి పిలిచేవాడే. పెళ్లికో బోరుకో ఆస్పత్రికో ముందుగా డబ్బిస్తాడు. దసరా దాటగానే మూటలు కట్టి బొంబాయి, పుణె, హైదరాబాద్, ఇంకా ఎక్కడ డ్యామో కాలువో నడుస్తుంటే అక్కడికి పయనం. ముసలివాళ్లూ బడి పిల్లలూ ఊళ్లో మిగులుతారు. ఉగాదికో పీర్ల పండక్కో వలసపోయినవాళ్లు వస్తేనే ఊరికి కళ.

ఆ ఒప్పందంలో ఒక కిటుకుంది. అడ్వాన్సు తీసుకున్నప్పుడు వేలిముద్ర మొగుడిది, పని మాత్రం ఇద్దరిదీ. మొగుడూ పెళ్లాం కలిపి ఒక లెక్క. ఆ లెక్కలో ఆమె వాటా ఎంతో ఆమెకు తెలియదు, అడిగితే ఇంట్లో గొడవ. కూలి తీరిందో, అప్పు తీరిందో మేస్త్రీ నోటి మాటే. పనిలో పూర్తి మనిషి, పద్దులో ఎవరిదో పెళ్లాం.

ఇది మా దగ్గరి రోగమే అనుకోవద్దు. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల కోసం స్టేడియాలూ ఫ్లైఓవర్లూ కట్టినప్పుడు కూలీల గోడు సుప్రీంకోర్టుకు చేరింది. రోజుకు 9 రూపాయల 25 పైసలు కనీస కూలి. కాంట్రాక్టర్లు ఆ డబ్బు జమాదార్లకు ఇచ్చారు. జమాదారంటే మన గుంపు మేస్త్రీ లాంటివాడే. ఆడవాళ్ల చేతికొచ్చింది 7 రూపాయలు. అప్పటికి సమాన వేతన చట్టం వచ్చి ఆరేళ్లు. కనీస కూలి కన్నా తక్కువకు పని చేయించుకోవడం వెట్టిచాకిరీ కిందికే వస్తుందని జస్టిస్ భగవతి ధర్మాసనం ఆ కేసులో చెప్పింది. ఆ తీర్పును లా కాలేజీల్లో నలభై ఏళ్లుగా పాఠంగా చెబుతున్నారు. కూలీల అడ్డా దాకా మాత్రం ఆ పాఠం రాలేదు.

మహబూబ్‌నగర్‌లోగానీ నల్లగొండలోగానీ పొద్దున్నే అడ్డా దగ్గర కాసేపు నిలబడితే ఈ మాటలు వినిపిస్తాయి.

“ఏమిస్తవ్ సారూ?”

“మొగోళ్లకు రేటు ఎంతుందో అంత. నీకు రెండొందలు తక్కువ.”

“పని గూడ తక్కువ జేపిస్తవా మరి?”

“అందరిచ్చేదే ఇస్తున్ననక్కా. నేనొక్కన్నే కొత్తగ పెట్టిన్నా?”

ఆ సారు చెడ్డవాడు కాదు. అక్కా అని పిలిచాడు, మధ్యాహ్నం చాయ్ పోయిస్తాడు, ఎండ ఎక్కువైతే కాసేపు నీడన కూర్చోమంటాడు. రెండొందలు కోస్తున్నది తానొక్కడే అయితే ఆయనకు రాత్రి నిద్ర పట్టేది కాదు. అందరూ కోస్తున్నారు కాబట్టి హాయిగా పడుతోంది. నా మాటలు ఆ అందరికీ. అంటే మనకు. ఎవరి పేరు మీదా రాసి లేని ఈ తప్పును తలా ఇంత పంచుకొని, ఎవరి వాటా వాళ్లకు కనిపించనంత చిన్నది చేసుకున్నాం.

ఆమె రోజు ఎట్లా నడుస్తుందో చూడండి. చీకటితో లేచి రేకుల షెడ్డులో పొయ్యి వెలిగిస్తుంది. నీళ్లు, వంట, పిల్లలు, సద్ది. ఎనిమిదింటికి పనిలో ఉండాలి. సుట్టబట్ట నెత్తిన పెట్టుకొని ఇటుకలు మోయడం, ఇసుక జల్లెడ పట్టడం, మాలు కలపడం, కలిపిన మాలు తట్టకెత్తి పై అంతస్తుకు అందించడం, సాయంత్రం గోడలకు నీళ్లు కొట్టడం. మగవాళ్లు కాళ్లూ చేతులూ కడుక్కొని కూర్చున్న వేళకు ఆమె మళ్లీ పొయ్యి దగ్గరుంటుంది. ఇంత పనికీ కాగితాల్లో ఉన్న పేరు నైపుణ్యం లేని కూలి.

నైపుణ్యం లేదా? ఇటుక కట్టుడుకు మాలు ఎంత పలుచన ఉండాలి, ప్లాస్టరింగుకు ఇసుక ఎంత సన్నగా రావాలి, ఒక బస్తా సిమెంటుకు ఎన్ని తట్టల ఇసుక పడాలి అన్నది చేతి వాటంతో తెలిసిన మనిషి ఆమె. గోడ ఆయుష్షు ఆ మాలులో ఉంది. మాలు చెడితే ఎంత పేరున్న మేస్త్రీ కట్టినా గోడ పొడిగా రాలుతుంది. అయినా మాలు కలిపే చేతికి విలువ కట్టకుండా, దాన్ని ఇటుక మీద పరిచే చేతికే కట్టాం. పదహారేళ్ల పిల్లగాడు పారపనికి వస్తాడు. ఖాళీ దొరికినప్పుడు మేస్త్రీ తాపీ తీసుకొని రెండు ఇటుకలు పెట్టి చూస్తాడు, మేస్త్రీ నవ్వి సరిచేస్తాడు. రెండు మూడేళ్లకు వాడే మేస్త్రీ. వాడికన్నా పదిహేనేళ్ల ముందు వచ్చినామె అదే గోడ కింద, అదే తట్టతో, ఇప్పుడు వాడికి మాలు అందిస్తుంటుంది. ఖాళీ దొరికినప్పుడు ఆమె పిల్లకు పాలిచ్చి వచ్చింది. తాపీ ముట్టుకొని ఉంటే గుంపంతా నవ్వేది, అయితే ఆ నవ్వు వేరే రకం.

బరువు పని, ఆడవాళ్ల వల్ల కాదంటారు. నిర్మాణంలో అన్నిటికన్నా బరువైన పని ఎవరికిచ్చాం? తాపీ బరువెంత, తట్ట బరువెంత? పరంజా మీదికి ఆడవాళ్లు ఎక్కలేరంటారు. నెత్తిన ఎనిమిది ఇటుకలు పెట్టుకొని ఎక్కుతున్న మనిషి చేతిలో తాపీ పట్టుకొని ఎక్కలేదా? చీర అడ్డమంటారు. లుంగీ కట్టుకొని మూడో అంతస్తు అంచున నిలబడ్డవాళ్లను రోజూ చూస్తూనే ఉన్నాం. అడ్డమైతే షర్టూ ప్యాంటూ బూట్లూ బెల్టూ ఇవ్వాలి, ఇద్దరికీ ఇవ్వాలి. ఈ సాకులన్నీ తీసేస్తే చివరికి మిగిలేది ఒకటే. ఆడమనిషి కట్టిన వరుసకు మగవాడు మాలు అందించే రోజును మన కళ్లు ఓర్చుకోలేవు.

ఇక నిలబడటం సంగతి. ఈ పనిలోంచి ఆడవాళ్లు ఎందుకు తప్పుకుంటున్నారని అడిగేవాళ్లు ముందు ఆ పనికాడ మరుగుదొడ్డి ఎక్కడుందో వెతకాలి. కోటి రూపాయల ఇల్లు లేస్తుంటుంది, దాంట్లో నాలుగు బాత్‌రూములు ప్లానులో ఉంటాయి, కట్టేటామె మాత్రం పొద్దుటి నుంచి నీళ్లు తాగకుండా ఆపుకుంటుంది. నెలసరి రోజుల సంగతి ఎవరూ అడగరు, ఆమె చెప్పదు. ఎండాకాలంలో పాలమూరు ఎండలో నీళ్లు తాగకుండా మాలు కలిపితే ఏమవుతుందో ఏ డాక్టరైనా చెబుతాడు. మర్రిగూడ, మునుగోడు వైపు నుంచి వచ్చినామె అయితే ఫ్లోరైడు నీళ్లు అప్పటికే తిన్న ఎముకల మీద ఈ బరువు. నలభై నిండకుండానే నడుము పోతుంది. నడుము పోయినదాన్ని గుంపులోకి ఎవరూ పిలవరు.

చంటిపిల్ల ఉంటే ఇసుక కుప్పే ఉయ్యాల. 1969లో ఢిల్లీ రాజ్‌ఘాట్ దగ్గర గాంధీ శతజయంతి ఏర్పాట్ల పనులు జరుగుతుండగా మట్టిలో పడి ఉన్న కూలీల పిల్లలను చూసి మీరా మహదేవన్ అనే ఆవిడ ఆగింది. అక్కడే ఒక గుడారం కింద పిల్లల సాకుబడి మొదలుపెట్టింది. మొబైల్ క్రెషెస్ సంస్థ అట్లా పుట్టింది. ఆమె చూసిన దృశ్యమే మనమూ చూస్తున్నాం, బైకు మీద దాని పక్కనుంచే పోతున్నాం. తేడా ఏమిటంటే ఆమె ఆగింది.

ఇంకో సంగతి ఉంది, దాన్ని నోరు విప్పి చెప్పడం ఆమెకు కష్టం, వినడం మనకు కష్టం. అడ్వాన్సు మేస్త్రీ చేతిలో, షెడ్డు మేస్త్రీ చూపించిన చోట, స్నానానికి తడిక చాటు, రాత్రి వెలుగు లేని దారి. ఎవడైనా చెయ్యి వేస్తే ఫిర్యాదు ఎవరికి చెయ్యాలి? మళ్లీ మేస్త్రీకే. పనిచోట లైంగిక వేధింపుల మీద 2013లో చట్టం వచ్చింది. చిన్న పనిచోట్ల ఆడవాళ్లు ఫిర్యాదు చేసుకునేందుకు ప్రతి జిల్లాలో ఒక కమిటీ ఉండాలని అందులో రాశారు. ఆ కమిటీ ఆఫీసు ఎక్కడుందో అడ్డా మీద ఎంతమందికి తెలుసు? భర్త తోడు లేకుండా వలస వెళ్లే ధైర్యం పాలమూరు ఆడమనిషికి లేదనుకోవద్దు. ధైర్యం ఉంది, భద్రత లేదు. అందుకే భర్త పోయినామె, భర్త వదిలేసినామె ఈ పనిలో అందరికన్నా ముందు రాలిపోతుంది. కూలి అందరికన్నా అవసరమైనది వాళ్లకే.

ఇప్పుడు యంత్రాలొచ్చాయి. మట్టికి జేసీబీ, కాంక్రీటుకు రెడీమిక్స్ లారీ, పై అంతస్తుకు పంపు, ఇటుకలకు లిఫ్టు. బరువు తగ్గింది కాబట్టి ఆడవాళ్లకు సులువైందనుకుంటాం. జరిగింది వేరు. మనం ఆమెకు ఇచ్చిందే బరువు ఒక్కటి. ఆ బరువును యంత్రం ఎత్తుకోగానే ఆమె పని పోయింది. యంత్రం నడిపే పని, రాడ్ బెండింగ్, సెంట్రింగ్, టైల్స్, కరెంటు పని అన్నీ మగవాళ్లవే అయ్యాయి. ఆ మగవాళ్లు కూడా ఇప్పుడు బిహార్, జార్ఖండ్, ఒడిశా, ఉత్తరప్రదేశ్‌ల నుంచి వస్తున్నారు. 2025 ఫిబ్రవరి 22న నల్లగొండకు కృష్ణా నీళ్లు తేవాల్సిన ఎస్‌ఎల్‌బీసీ సొరంగం దోమలపెంట దగ్గర కూలినప్పుడు లోపల చిక్కుకుపోయిన ఎనిమిది మంది పంజాబ్, జమ్మూ కశ్మీర్, జార్ఖండ్, ఉత్తరప్రదేశ్ బిడ్డలు. మన నీళ్ల కోసం ఎక్కడి తల్లుల బిడ్డలో ఇక్కడ మట్టి కింద పోతుంటే, మన దంపతులు పుణెలో ఎవరి ఇంటికో స్లాబు వేస్తున్నారు. ఈ తిరగలిలో ఆడమనిషికి ఉన్న చిన్న చోటు కూడా నలిగిపోతోంది.

నిలబెడితే ఆడవాళ్లు నిలబడతారనడానికి రుజువు కోసం దూరం పోనక్కర్లేదు. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ మొదలైంది. మొదటి విడత 200 జిల్లాల్లో మహబూబ్‌నగర్, నల్లగొండ రెండూ ఉన్నాయి. గడ్డపార, పార, తట్ట, మట్టిపనే. అయినా ఆ పనిలో మన దగ్గర సగానికి పైగా ఆడవాళ్లే నిలిచారు. చట్టం మూడో వంతు చాలంటే మన ఆడవాళ్లు సగం దాటారు. కారణాలు వెతకడానికి పరిశోధన అక్కర్లేదు. ఆడ మగ ఒకే కొలత, ఒకే రేటు. జాబ్‌కార్డులో తన పేరు. ఊరి పొలిమేరలోనే పని. పదిమంది తెలిసినవాళ్లతో శ్రమశక్తి సంఘం. చిన్నపిల్లలు ఐదుగురుంటే వాళ్లను చూసుకోవడానికి కూలీల్లోంచే ఒకామెను పెట్టాలన్న నిబంధన. నీడకు టెంటు, మందుల పెట్టె చాలాచోట్ల కాగితం మీదే ఉండిపోయాయి, కూలి డబ్బులు నెలలు ఆలస్యమైన రోజులున్నాయి, ఇవన్నీ నిజమే. ఇన్ని లోపాలతోనే వాళ్లు అంతమంది వచ్చారంటే, లోపం ఆడవాళ్ల ఒంట్లో ఉందన్న మాట ఇకనైనా మానుకోవాలి.

చట్టం చూసుకుంటుందిలే అనుకునేవాళ్లకు చట్టం ఎక్కడ ఆగుతుందో చెప్పాలి. భవన నిర్మాణ కార్మికుల చట్టం 1996లో వచ్చింది. 18 నుంచి 60 ఏళ్లలోపు వాళ్లు ఏడాదిలో 90 రోజులు పని చేసినట్టు చూపిస్తే కార్డు వస్తుంది. కట్టడం ఖర్చులో నూటికి రూపాయి సెస్సు వసూలవుతుంది, ఆ డబ్బుతో ప్రసూతి సాయం, ప్రమాద సాయం లాంటివి. బాగుంది. కానీ 90 రోజులు చూపించాలంటే పనిచేశానని ఎవరో సంతకం పెట్టాలి. మొగుడితో కలిపి ఒక లెక్కలో ఉన్నదానికి ఎవరు పెడతారు? అదే చట్టం 50 మందికి పైగా ఆడ కూలీలున్న చోట పిల్లలకు గది కట్టాలంది. ఒక్క చోట అంతమంది ఆడ కూలీలు ఎన్ని కట్టడాల దగ్గర దొరుకుతారు? 2020 నాటి కార్మిక కోడ్ ఆడ మగ కలిపి 50 దాటితే చాలంది, కాస్త నయం. అదే కోడ్ ఇంకో తలుపు మూసింది. సొంత ఇల్లు కట్టుకునేవాళ్లకు ఖర్చు 10 లక్షల దాకా ఉన్న మినహాయింపును 50 లక్షలకు పెంచింది.

అంటే నల్లగొండ పట్టణంలో, వనపర్తిలో, మిర్యాలగూడలో మామూలు ఉద్యోగులూ వ్యాపారులూ రైతులూ కట్టుకునే ఇళ్లలో చాలావాటి గేటు బయటే ఆ చట్టం నిలబడిపోతుంది. లోపల ఉన్నది ఇంటాయన, ఇంటామె, మేస్త్రీ, కూలీలు. ఇన్‌స్పెక్టర్ రాడు. అక్కడ మంచి అయినా చెడు అయినా మన చేతుల్లోనే జరుగుతుంది.

మనం ఎవరి బిడ్డలమో ఒకసారి తలచుకుందాం. వెట్టి వద్దని లేచిన నేల నల్లగొండ. 1946లో కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగినప్పుడు ఆ ఊరు నల్లగొండ జిల్లాలోది. తన చెల్క తనదేనని దొర మనుషుల ముందు నిలబడ్డ చాకలి ఐలమ్మ పాలకుర్తి కూడా అప్పుడు ఈ జిల్లాదే. ఆమె విగ్రహాలు కూడళ్లలో పెట్టుకున్నాం, ఏటా దండలు వేస్తున్నాం. ఆమె అడిగింది తన కష్టం ఫలం తన చేతికి రావాలని. ఇవాళ అదే విగ్రహం ఉన్న కూడలిలో అడ్డా మీద నిలబడ్డ ఆడమనిషి అదే అడుగుతోంది. దొర లేడు. కోత పెడుతున్నది మనం. దండ వేసిన చేతితోనే పెడుతున్నాం.

పైస్థాయి చదువులో మన ఆడవాళ్లు ఏం చేయగలరో లోకానికి తెలుసు. దేశంలో మొదటి మహిళా ఇంజనీరుగా పేరొందిన అయ్యలసోమయాజుల లలిత తెలుగామె. పద్దెనిమిదేళ్లకే భర్త పోయి, చంకలో పాపతో గిండీ కాలేజీలో చదివి, భాక్రానంగల్ విద్యుత్ లైన్ల రూపకల్పనలో పాలుపంచుకుంది. 2025 జూన్ 6న మొదలైన చీనాబ్ రైలు వంతెన వెనక ప్రకాశం జిల్లా ఏడుగుండ్లపాడు బిడ్డ ప్రొఫెసర్ మాధవీలత పదిహేడేళ్ల పని ఉంది. కొండరాయి ఆ బరువు మోస్తుందా లేదా తేల్చిన నిపుణుల్లో ఆమె ఒకరు. వాళ్లను చూసి గర్వపడ్డాం, వాట్సాప్‌లో పంచుకున్నాం. కొండరాయి బలాన్ని లెక్కగట్టిన ఆడమనిషిని నమ్మినవాళ్లం, మన ప్రహరీ గోడకు పది వరుసల ఇటుక పెట్టే ఆడమనిషిని ఎందుకు నమ్మం? ఆమె చదవలేదనా? మన మేస్త్రీల్లో చదివిందెవరు?

చదువు లేని ఆడవాళ్లే తాపీ పట్టిన చోట్లూ ఉన్నాయి. అహ్మదాబాద్‌లో ‘సేవా’ అనే మహిళల సంఘం 2003లో కట్టడం పనివాళ్ల కోసం కర్మిక పాఠశాల పెట్టి కూలి ఆడవాళ్లను మేస్త్రీలుగా, టైల్స్ పనివాళ్లుగా తయారుచేసింది. జార్ఖండ్‌లో మరుగుదొడ్లు కట్టడానికి మేస్త్రీలు దొరక్కపోతే పల్లె ఆడవాళ్లు నేర్చుకొని వాళ్లే కట్టారు. వాళ్లను రాణీ మిస్త్రీలన్నారు. మన దగ్గర శిక్షణ అనగానే ఆడవాళ్లకు కుట్టుమిషనే గుర్తొస్తుంది. ఇరవై ఏళ్లు మాలు కలిపిన చేతులకు దారమూ సూదీ ఇచ్చి, తాపీ నిన్నగాక మొన్న వచ్చిన పిల్లగానికి ఇవ్వడం ఏ తెలివో నాకు అర్థం కాదు. హైదరాబాద్‌లో 1998 నుంచి నిర్మాణ శిక్షణ కోసమే నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ ఉంది. మండలానికి ఇరవై మంది ఆడ కూలీలను పంపించమని మన ఎమ్మెల్యేలనూ కలెక్టర్లనూ ఎవరైనా నిలదీశారా?

అందుకు ఇంతకన్నా మంచి అదను రాదు. ఇందిరమ్మ ఇళ్లు ఊరూరా లేస్తున్నాయి. ఇల్లు ఆడవాళ్ల పేరు మీదే మంజూరవుతుంది, ఒక్కోదానికి 5 లక్షలు దశలవారీగా వస్తాయి. ఊళ్లలో మేస్త్రీలు దొరకడం లేదని, రేట్లు పెంచేశారని అంతటా ఒకటే మొర. పట్టా ఆమెది, మోత ఆమెది, గోడ కట్టే కూలి మాత్రం ఆమెకు అందదు. మహిళా సంఘాలకు బస్సులూ పెట్రోలు బంకులూ అప్పగిస్తున్న రాష్ట్రంలో పదిళ్ల గోడలు అప్పగించడం ఏమంత కష్టం? సంఘంలోని అక్కలారా, మీరు అడగాలి. బ్యాంకు మేనేజరు ముందు కూర్చొని అప్పు లెక్కలు తేల్చినవాళ్లు మీరు. మీ ఊళ్లో తాపీ నేర్చుకుంటామన్న ఐదుగురిని కూడగట్టండి, ఒక మంచి మేస్త్రీని ఒప్పించి మూడు నెలలు ఆయన కూలి సంఘం నుంచే ఇచ్చి పని నేర్పించండి.

మేస్త్రీలకు ఒక మాట. అన్నలారా, మీరూ ఒకప్పుడు పారపట్టి వచ్చినవాళ్లే. మిమ్మల్ని ఎవరో ఒకరు తాపీ పట్టనిచ్చారు కాబట్టే ఇవాళ మేస్త్రీలయ్యారు. మీ భార్యలు మీ వెంటే ఇరవై ఏళ్లుగా మోస్తున్నారు. వారానికి ఒక పూట ఆమెకు దారం కట్టడం, గుండు వేలాడదీసి నిటారు చూడటం నేర్పితే మీ ఇంట్లోకి రెండో మేస్త్రీ కూలి వస్తుంది. మీ నడుము పోయిన రోజున ఇల్లు ఆగదు. ఆమె కూలి ఆమె చేతికి ఇవ్వడంలో మీ పరువు ఏదీ పోదు.

ఇంజనీర్లకూ కాంట్రాక్టర్లకూ చెప్పేది తక్కువే. ప్లాను గీసినప్పుడే కూలీల మరుగుదొడ్డి గీయండి, దాని ఖర్చు ఎస్టిమేట్‌లో రాయండి. సెస్సు కడుతున్నాం కదా అనకండి, సెస్సుతో ఆమె దాహం తీరదు. కార్మిక సంఘాల నాయకులకు ఇంకొంచెం గట్టిగా చెప్పాలి. మే డే జెండా దగ్గర ఆడవాళ్లను ముందు వరుసలో నిలబెట్టి, కమిటీలో చోటు అడిగితే వెనక్కి నెట్టే అలవాటు మానండి. కూలి రేటు పెంచాలని బంద్ పెట్టినప్పుడు ఆడకూలి, మగకూలి అని రెండు రేట్లు మీ కరపత్రంలోనే రాస్తుంటే మిగతావాళ్లకు ఏం చెబుతారు?

ఇక మనం, ఇల్లు కట్టుకునేవాళ్లం. మన ఆచారాల్లోనే తేడా చూడండి. స్లాబు రోజు మేకనో కోళ్లనో కోసి దావత్ ఇస్తాం, మందు పోయిస్తాం. ఆ రోజు అందరికన్నా ఎక్కువ మోసిన ఆడవాళ్లు చీకటి పడుతోందని గబగబా తినీ తినక వెళ్లిపోతారు. గృహప్రవేశానికి మేస్త్రీని పిలిచి బట్టలు పెడతాం. పునాది నుంచి నీళ్లు కొట్టినామెను పిలవడం గుర్తుకు రాదు. పిలిచి చీర పెట్టమని నేను అడగడం లేదు. చీర కాదు ఆమెకు కావలసింది, కోసుకున్న రెండొందలు.

రేపు మీ ఇంటికి ముగ్గు పోస్తున్నప్పుడు మేస్త్రీతో బేరం మాట్లాడతారు కదా. అప్పుడే నాలుగు మాటలు కలపండి. ఆడ మగ ఒకే రేటు. ఎవరి కూలి వాళ్ల చేతికే, వాళ్ల పేరు మీదే, నోటుబుక్కులో రాసి. పునాది తవ్వకముందే ఒక మరుగుదొడ్డి, పిల్లలకు ఒక నీడ. ప్రహరీ గోడ పని నేర్చుకుంటామన్న ఆడవాళ్లకే. ఇల్లు పూర్తయ్యాక లేబర్ కార్డు కోసం ఆమె కాగితం పట్టుకొస్తే 90 రోజుల సంతకం వెంటనే పెట్టండి. మేస్త్రీ ఒప్పుకోనంటే ఇంకో మేస్త్రీని చూడండి. పక్కింటివాళ్లు రేటు పాడుచేస్తున్నావని అంటే, పాడుచేసింది మనమేనని, సరిచేస్తున్నానని చెప్పండి.